గోటికి పలకని ఫోను

ఓబులయ్య చెనక్కాయ చేనుకు ఒక పక్క గుట్ట, ఇంకో పక్క కలబంద కంచె, మధ్యలో రేకుల కొట్టం. ఆ కొట్టంలో కర్రెమ్మ అనే బర్రె, చుక్కి అనే కోడిపెట్ట ఉండేవి. కర్రెమ్మకు తినడం, నెమరు వేయడం తప్ప మూడో పని తెలియదు. చుక్కి అలా కాదు. దానికి కాలు ఒకచోట నిలవదు, కన్ను ఒకచోట ఆగదు, మనసులో ఎప్పుడూ ఏదో ఒక దిగులు.

ఈమధ్య ఆ దిగులంతా గుడ్ల గురించే. పోయిన రెండు విడతలూ గంపలో పెట్టిన గుడ్లన్నీ ఓబులయ్య పెళ్లాం తిమ్మక్క తీసుకెళ్లి అట్లు పోసేసింది. ఒక్క పిల్లనైనా రెక్క కింద పెట్టుకునే భాగ్యం చుక్కికి దక్కలేదు. అందుకని ఈసారి గంప జోలికి పోకుండా, కంచెలో కలబంద మట్టల కింద ఎవరికీ కనపడని చోటు చూసుకుని పదకొండు గుడ్లు దాచుకుంది. ఇక పొదగడమే తరువాయి.

అంతలో నక్క దిగింది. వట్టి చేతులతో రాలేదు, నోట్లో ఒక నల్ల పలక పెట్టుకుని మరీ వచ్చింది.

ఆ పలక ఓబులయ్య ఫోనే. రెండు రోజుల కిందట గడ్డిమోపు ఎత్తుకోవడానికి వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారిపోయింది. పాపం, అప్పటినుంచీ మొగుడూ పెళ్లాలు తిమ్మక్క ఫోనుతో రింగులు కొడుతూ వెతుకుతూనే ఉన్నారు. మోగితే గదా దొరకడానికి. ఎవరి పెళ్లిలోనో సరిగ్గా తాళి కట్టే వేళకు అది గట్టిగా మోగి, నలుగురూ చివాట్లు పెడితే, ఓబులయ్య దాన్ని సైలెంటులో పెట్టాడు. మళ్లీ తీయడం మరిచిపోయాడు.

అయితే అలాంటి ఫోన్లకు ఒక చిత్రమైన గుణముంది. సైలెంటులో పెడితే మనుషులు ఎంత పిలిచినా నోరు విప్పవు గానీ, అలారం పెట్టి ఉంటే మాత్రం ఆ టైముకు గొంతెత్తుతాయి. బావి దగ్గర మోటారు ఆపాలని ఓబులయ్య రోజూ సాయంత్రం అయిదింటికి అలారం పెట్టుకున్నాడు. నక్కకు ఇదంతా తెలియదు. గుట్ట మీద రెండు సాయంత్రాలు దాన్ని పక్కన పెట్టుకుని చూసి, పొద్దు తాటిచెట్టు వెనక్కి దిగగానే అది అరుస్తుందని మాత్రం కనిపెట్టింది. దాని తెలివికి అంత చాలు.

"చుక్కి చెల్లీ, ఇదేమిటో తెలుసా? అన్నీ చెప్పే పలక. నేను ముట్టుకున్నానంటే మాట్లాడుతుంది" అంటూ నక్క పొద్దు వంక ఓరగా చూసుకుని, గోటితో టకటకా తట్టింది. ఆ వేళకే ఫోను సన్నాయి ఎత్తుకుంది. కర్రెమ్మ నెమరు ఆపేసింది. చుక్కి ఎగిరి దూలమెక్కింది.

"ఏమంటోంది అన్నా?"

"ఇక్కడ ఒకరు ఓబులయ్యకు తెలియకుండా ఒక పని చేస్తున్నారంటోంది. అతనికి చెప్పెయ్యనా అని అడుగుతోంది."

ఆ మాట ఏ గుమ్మంలో నిలబడి అన్నా ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. చుక్కి దూలం మీంచి దభీమని కిందికి దూకింది. "నా గుడ్ల సంగతి చెప్పొద్దను అన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను" అంది.

"నేను దూడ కోసం పాలు ఎగబట్టుకునే సంగతి కూడా" అంది కర్రెమ్మ బెదురుగా.

ఏ గుడ్లనీ, ఏ పాలనీ నక్క అడగనే లేదు. అదృష్టం అలా ఒళ్లో వచ్చి పడితే కాదంటుందా? "మీరు పరాయివాళ్లా ఏమిటి, చెప్పనులే. రోజూ ఈ వేళకు చుక్కి ఒక గుడ్డు తెచ్చిపెడుతుంది. కర్రెమ్మ కుడితి తొట్టిలో మొదటి మూతి నాది. అంతే" అంది.

కోడినే పట్టుకుపోవచ్చు గదా అని మీకు అనిపించవచ్చు. పట్టుకుంటే ఒక్క పూట కూర, పైగా ఆ అరుపులకు ఇంటి దగ్గరున్న టైగరు అనే కుక్క పరుగెత్తుకొస్తుంది. గుడ్డు తనంతట తాను నడిచి వస్తుంటే ఆ శ్రమ దేనికి?

ఆ రోజు ఒక గుడ్డు పోయింది. మర్నాడు ఇంకొకటి. రెండోది చుక్కి కళ్ల ముందే పగలగొట్టి తాగి, మూతి నాక్కుంటూ నక్క అడిగింది. "ఇంకా ఎన్నున్నాయి చెల్లీ?"

"తొమ్మిది" అంది చుక్కి ఏడుపు దిగమింగుకుని.

తెల్లారి దుమ్ములో పొర్లుతుంటే దానికి ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. పొర్లడం ఆపి లేచి కూర్చుంది.

"అక్కా, అన్నీ చెప్పే పలక చేతిలో ఉండగా, ఎన్నున్నాయని నన్నెందుకు అడిగింది?"

"దానికి లెక్కలు రావేమో" అంది కర్రెమ్మ.

"నక్కకు రాకపోతే పలకనే అడగవచ్చు గదా. ఇంకో సంగతి. తిమ్మక్క గోటితో ఫోను గీకినప్పుడల్లా ఓబులయ్య ఏమని కసురుతాడు? గోటికి అది పలకదే, వేలి కండతో ముట్టుకో, ఆ అద్దంలో సన్నగా కరెంటుంటుంది, కండ తగిలితేనే దానికి తెలుస్తుంది అనడూ?"

"అంటాడు."

"ఒకసారి ఆయన కునుకు తీస్తుంటే ఆ ఫోను మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. నా గోళ్లకు ఉలకలేదు, పలకలేదు. నీ దూడ ఒక్కసారి నాకితే మాత్రం వియ్యంకుడికి ఫోను పోయింది. మరిచిపోయావా?"

"ఎలా మరిచిపోతాను? ఎందుకు చేశావని ఆయన, నేను చేయలేదని ఈయన, అరగంట పోట్లాడుకున్నారు."

"మరి నక్క ఎప్పుడు తట్టినా గోటితోనే గదా. అంటే అది నక్క మాట విని అరవడం లేదక్కా. తన వేళకు తాను అరుస్తోంది. మనం ఉత్త పుణ్యానికి మోసపోయాం."

"అయితే కొమ్ములతో ఒక్కటిస్తాను."

"నువ్వు లేచేలోగా అది గుట్ట దాటుతుంది. టైగరు రావాలి. టైగరు రావాలంటే ఇంట్లోవాళ్లకు తెలియాలి." చుక్కి దగ్గరికొచ్చి ఉపాయం చెప్పింది.

కర్రెమ్మ అంతా విని, "వాళ్లొస్తే నీ గుడ్లు బయటపడవా?" అంది.

చుక్కి కాలితో మట్టి గీరింది. అదే దాని భయం, ఆ భయంతోనే రెండు గుడ్లు పోగొట్టుకుంది. చివరికి "పడతాయి" అంది. "కానీ ఇలాగే ఉంటే ఇంకో తొమ్మిది రోజులకు ఒక్కటీ మిగలదు. పోతే తిమ్మక్క చేతిలో పోనీ, ఆ మూతి నాక్కునేదాని నోట్లో మాత్రం వద్దు."

సాయంత్రం నక్క హుందాగా వచ్చింది. చుక్కి వినయంగా ఎదురెళ్లి, "అన్నా, పలకను నేల మీద పెడితే బాగుండదు, ఈ తొట్టి గట్టు మీద పెట్టు. దణ్ణం పెట్టుకుంటాం" అంది. నక్క పొంగిపోయి పెట్టింది. కాసేపటికి ఫోను చప్పుడు లేకుండా వెలిగింది. అద్దంలో తిమ్మక్క బొమ్మ, కింద పచ్చటి చుక్క. రోజూ పాలు పిండటానికి బయలుదేరే ముందు ఆమె ఒకసారి రింగు కొట్టి చూస్తుందని చుక్కి కనిపెట్టే ఉంది.

"అది నిన్నేదో అడుగుతున్నట్టుంది అన్నా, బదులు చెప్పు" అంది.

నక్క గోటితో తట్టింది. గీకింది. రెండు పంజాల గోళ్లతోనూ గీకింది. ఫోను దాని మొహం కూడా చూడలేదు. "ఇవాళ దీనికి ఒంట్లో బాగాలేదు" అంది నక్క.

"జరుగు" అంది కర్రెమ్మ. ఉప్పురాయిని నాకినట్టు తన పొడుగాటి తడి నాలుకను ఆ పచ్చటి చుక్క మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క లాగు లాగింది.

"అలో... అలో, ఎవరు?" అంది ఫోనులోంచి తిమ్మక్క గొంతు.

నక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. పలక నిజంగా మాట్లాడుతుందని అది కలలో కూడా అనుకోలేదు. చుక్కి ఇదే అదనుగా గొంతు చించుకుని కొక్కొక్కోమంది. కర్రెమ్మ రంకె వేసింది. "నోరు ముయ్యండి, నోరు ముయ్యండి" అని నక్క వాటికంటే గట్టిగా కేకలు పెట్టింది. మనుషుల చెవికి నక్క కేకలు ఊళలాగే వినిపిస్తాయి గదా.

"ఏమయ్యో, నీ ఫోను మన కొట్టంలోనే ఉంది" అంటోంది తిమ్మక్క. "మన కర్రెమ్మ గొంతు, మన చుక్కి గొంతు. అయ్యో, నక్క కూడా దూరిందయ్యా, టైగరును వదులు."

టైగరుకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. చేను మధ్యలోనే నక్క తోక కుచ్చు దాని నోటికి దొరికింది. కుచ్చు వదిలేసి నక్క ఒక్కటే గుట్ట ఎక్కింది.

ఓబులయ్య కొట్టంలోకి వచ్చేసరికి అయిదయింది, సన్నాయి మోగింది. అతను ఫోను తీసుకుని పంచెతో దాని మీది చొంగ తుడుస్తుంటే, చుక్కి నేరుగా కంచెలోకి నడిచి తన గుడ్ల మీద కూర్చుంది. దాచేదేమీ లేనట్టు, అందరికీ కనపడేలా కూర్చుంది.

"ఓహో, గుడ్లన్నీ ఇక్కడా?" అన్నాడు ఓబులయ్య చెయ్యి చాస్తూ.

తిమ్మక్క ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "దీని అరుపు వినే గదా నీ ఫోను దొరికింది. ఒక్కటి ముట్టుకో చెబుతాను. పొదగాలని అంత ఆశపడితే నోరు లేని జీవం ఎవరితో చెప్పుకుంటుంది?" అని గంపలో మెత్తగా గడ్డి పరిచి, తొమ్మిదింటినీ జాగ్రత్తగా అందులో పెట్టింది. గుప్పెడు జొన్నలు కూడా పక్కన పోసింది.

మూడు వారాలకు ఎనిమిది పిల్లలు బయటికొచ్చాయి. ఒక సాయంత్రం ఓబులయ్య జేబులో అలారం మోగింది. గుట్ట మీద కుచ్చు లేని తోక ఒకటి పొదల్లోంచి లేచి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

"అమ్మా, అది ఏమంటోందే?" అంది చిట్టచివరి పిల్ల.

"మోటారు ఆపమంటోంది, అంతే" అంది చుక్కి, రెక్కలు విప్పి ఎనిమిదింటినీ లోపలికి పిలుచుకుంటూ.

నీతి: మనం దాచుకున్న భయాన్ని తిని బతికేవాడికి, ఆ భయాన్ని మనమే బయటపెట్టిన రోజున పస్తే.