నాలుగు గల్లాపెట్టెల ఇంట ఒంటిపెట్టె నోము

పూర్వమొకప్పుడు సుమేధుడను ముని దీర్ఘశ్వాసుడను మహర్షిని చేరి, ఇంటినిండ ధనముండియు అప్పులపాలగువారు ఏ నోము నోచి గట్టెక్కుదురని అడిగెను. ఆ మహర్షి పెద్ద నిట్టూర్పు విడిచి, అట్టివారి తెలివిని తలచుకొన్నచో తన జపము చెడునని విసుగుకొని, ఇట్లు చెప్పెను.

కళింగతీరమున మణివాడ యను పట్టణమున కొండమాంబ యను ఇల్లాలు కలదు. ఆమె భర్త కామిశెట్టియు, అతని ముగ్గురు తమ్ములును ఒకే పేరు మీద పసుపు, నూనె, ఉప్పు, బట్టల వ్యాపారము చేయుచుండిరి. వారికి పొయ్యి ఒకటే గాని గల్లాపెట్టెలు నాలుగు. ఎవరి తాళపుచెవి వారి మొలత్రాటికే. శుక్రవారము పూజించిన పెట్టెనుండి కాసు వెలుపలికి పోరాదని నలుగురును పట్టుబట్టిరి. అన్న అంగడికి తమ్ముడిచ్చినను లక్ష్మి ఇల్లు దాటినట్లేనని వారి లెక్క! ఏమని చెప్పవలె!

ఆ ఊర సంత శుక్రవారము. పసుపు తెచ్చిన ఎద్దులవారు, సొమ్ము చేతబడనిదే మూటలు దింపమనిరి. కామిశెట్టి పూజకు ముందే తన పెట్టెనంతయు ఊడ్చి తీసినను ముప్పది వరహాలు తక్కువ పడెను. ఉప్పంగడి పెట్టెలో రెండువందలు ఊరక పడియుండెను. కొండమాంబ మరుదులను బతిమాలెను. వారు, "శుక్రవారం వదినా! రేపు చూద్దాం" అనిరి. కామిశెట్టి పోయి వడ్డీకి తెచ్చెను; మరునాడు మరుదులు ఆ మాటే ఎత్తలేదు. మరుసటి శుక్రవారమును అట్లే జరిగెను. ఆపై శుక్రవారమును అట్లే జరిగెను. ఏడాది తిరుగకమునుపే వడ్డీవ్యాపారి పసుపంగడికి తన తాళము వేసి, కాపురమున్న ఇంటి పత్రములు కూడ తెమ్మనెను.

కొండమాంబ దేవునిగదిలో చతికిలబడి, తల్లీ మాయింట ఉన్నావా లేవా అని ఏడ్చెను. శ్రీమహాలక్ష్మి చెమట తుడుచుకొనుచు ప్రత్యక్షమై, "ఉన్నానే! నాలుగు పెట్టెలలో నాలుగు ముక్కలై ఊపిరాడక చచ్చుచున్నాను. చేతినుండి చేతికి పోవు నమ్మకము పేరే నేను. కదలనీయక కూర్చోబెట్టినచో ఉత్త లోహపుముక్కను. నాలుగంగళ్ల రాబడి ఒక్క పెట్టెలో పడవలెను. ఒక్క చేతిమీదుగా చెల్లించవలెను, పద్దు ఇద్దరు చూడవలెను" అని కసరి మాయమయ్యెను. మూడేండ్లుగా తాను మొత్తుకొనుచున్నదియు ఇదే గదా అని కొండమాంబకు ఒళ్లు మండెను.

వదిన చెప్పినను వినని మరుదులు దేవి చెప్పినదనగానే లెంపలు వేసుకొని నోము పట్టిరి. నాలుగు పెట్టెల సొమ్ము ఒకచోట చేరగా అప్పు తీరెను, పసుపంగడి తెరచిరి, ఇల్లు దక్కెను.

తాళపుచెవి కొండమాంబ కొంగున చేరెను. ఆరునెలలకు ఆమెకు గర్వము తలకెక్కెను. గానుగ అప్పన్న నూనె పోసిన సొమ్ముకై రాగా, చిట్టా వ్రాయలేదనెను. మరల రాగా, మరిది పద్దు చూడలేదనెను. మూడవమారు రాగా, సోమవారము రమ్మనెను. సోమవారము అప్పన్న రాలేదు, నూనెయు రాలేదు. నూనెయంగడి మూతబడెను. కబురంపగా అతని భార్య నీలమ్మ వచ్చి, "గానుగెద్దుని అమ్ముకున్నాం తల్లీ. మీకాడ మా డబ్బులున్నాయని ఊరందరికీ తెలుసు. ఉన్నాయన్న మాట కంచంలోకి రాదు కదమ్మా" అనెను. కొండమాంబ సిగ్గుతో చితికిపోయెను.

అంతలో దేవి పిలువకయే వచ్చి, "మునుపు నలుగురు బిగించిరి, ఇప్పుడు నీవొక్కతెవే బిగించితివి. నాకేమి ఒరిగినదే?" అని తల పట్టుకొనెను.

కొండమాంబ ఆ శుక్రవారము పూజ నడుమ లేచి, అందరును చూచుచుండగా పెట్టె తెరచి, ఇయ్యవలసిన సొమ్మును, ఎద్దు వెలను తీసికొని, ఎండలో తానే అప్పన్న ఇంటికి నడిచిపోయి అతని చేతబెట్టెను. ఎద్దు తిరిగి గానుగకు వచ్చెను, నూనెయంగడి తెరచిరి, ఆ ఇంటి మాటకు మరల విలువ కలిగెను.

కావున నాలుగు కొట్లు గల వర్తకులును, పది ఊళ్ల బ్రాంచీలలో ఎక్కడి చెల్లింపులక్కడే జరుపు కంపెనీలవారును, వారి గుమాస్తాలును ఈ నోము నోచవలెను. నోచినవారికి ఒకే బిల్లుకు రెండుమార్లు సొమ్ము పోదు. పక్క పెట్టెలో ధనముంచుకొని వడ్డీకి తెచ్చు బుద్ధి నశించును. సరుకు పోసినవాని ఉసురు తగులదు.

కథ ముగిసినది. ఒకరికి ఇయ్యవలసినది దగ్గరనుంచుకొని ఇక్కడ చేతులు జోడించి కూర్చున్నవారు ముందు లేచిపోయి, ఇచ్చి రావలెను. ప్రసాదము అంతవరకు ఉండును.