గోరింక పాటకు నక్క సాక్ష్యం

వాగుకు ఈవలి అడవిని ఏనుగు, ఆవలి అడవిని పులి ఏలుతుండేవి. ఆవలి అడవిలో రత్తి అనే గోరింక దొరమీద పాట కట్టిందని పులి దాన్ని బోనులో పెట్టించింది. మర్నాడు రెక్కలు పీకేస్తారని ఈవలికి కబురొచ్చింది.

ఏనుగు కొలువు తీర్చి, ముసలి తాబేలు నిదానయ్యను పిలిచింది.

"పరాయి అడవి వ్యవహారం. మాకు చాలా ఆందోళనగా ఉందని చెప్పి వచ్చెయ్. అంతకు మించి గడ్డిపోచ కూడా కదపకు."

"చిత్తం," అన్నాడు నిదానయ్య. వాగు ఈదుతున్నంతసేపూ ఆయన మనసు మనసులో లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆందోళనపడితే ఈకలు నిలుస్తాయా?

పులి కొలువులో మంత్రి నక్క జిత్తప్ప ఎదురొచ్చాడు. "రండి బాబాయ్! మీ ఆందోళన మాకు అందింది. మజ్జిగ తాగి బయల్దేరండి."

"తాగుతాను నాయనా. ఇంతకీ ఆ పిల్ల చేసిన నేరం?"

"దొరగారిని కించపరిచే పాట. అది పలికిన నోరు ఎవరిదైనా సరే, బోనులోకే. మా చట్టం అంతే."

"అంత ఘోరమైన పాటా! వినకుండా నేరమేనని మావాళ్ళకు ఎలా చెప్పను?"

జిత్తప్పకు హుషారొచ్చింది. నిండు కొలువులో గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు:

"మీసాలేమో బారెడు,
మబ్బు ఉరిమితే పొదలో దూరెడు!"

ముళ్ళపంది కిసుక్కున నవ్వింది. దుప్పులకు ఒక్కసారిగా దగ్గొచ్చింది. పులి మీసం అదిరింది.

"దొరా," అన్నాడు నిదానయ్య నెమ్మదిగా, "ఇప్పుడు పలికిన నోరు మంత్రిగారిది. ఆ బోనులో ఇద్దరికి చోటుందా?"

పులి నక్కవైపు తిరిగింది. జిత్తప్ప దొర పాదాలమీద పడ్డాడు.

"అయ్యో దొరా! నోటితో అన్నంత మాత్రాన నేరమవుతుందా?"

"బంగారంలాంటి మాట. ఆకుమీద రాసివ్వు బాబూ," అన్నాడు నిదానయ్య.

జిత్తప్ప వెనకా ముందూ చూడలేదు. అన్నమాట అన్నట్టే మోదుగాకుమీద గోటితో గీకేశాడు. ఈ మంత్రి పోతే మళ్ళీ ఇలా పొగిడేవాడు దొరకడని పులి పళ్ళు నూరుతూనే పంజా ముద్ర వేసింది.

నిదానయ్య ఆ ఆకు తీసుకెళ్ళి కాపలా తోడేలుకు చూపించాడు. బోను తలుపు తెరుచుకుంది.

రత్తి కొమ్మెక్కి రెక్కలు దులుపుకుంది. "జిత్తప్ప మామా, నేను పదిమందికే పాడాను. నువ్వు అడవంతా వినిపించావు. నీ మేలు మరిచిపోను!"

జిత్తప్ప తోకతో నోరు కప్పుకున్నాడు.

పాటకు బోను కట్టినవాడే దాన్ని ఊరేగిస్తాడు.