పురుగుకు వదలని సాలు

పోచలింగం గురువుగారు ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పేవారు కారు. కండువా భుజాన వేసుకుని లేచి, ఎక్కడికో నడిపించేవారు. అందుకని శిష్యులు ఎండపూట నోరు మెదిపేవారు కారు.

ఓదెలు ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాడు. తమ్ముడు కనకయ్యతో అతని పొలం గెట్టు తగాదా ఏళ్ల నాటిది. పంచాయతీలో గెలిచాడు. బావిలో వాటా లాక్కున్నాడు. కనకయ్య పెద్దకొడుకు, పెదనాయనైన తను ఎదురైతే దారి దిగి, పక్క చేలోంచి పోయేలా చేసుకున్నాడు. ఇక మిగిలింది కనకయ్య తన పొలానికి పోయే బండిబాట. అది ఓదెలు భూమిలోంచే పోతుంది. దానికి ముళ్లకంప కొట్టిస్తే తమ్ముడు ఉన్నది అమ్ముకుని ఊరు విడవాల్సిందే.

"ఓడినోనికి బాట ఇడిసిపెట్టుడెందుకు గురువా? ఒక్కసారే తుడిసిపెట్టుకపోతే పీడ పోదా?"

గురువుగారు కండువా అందుకున్నారు.

ఊరి చివర మొండయ్యది పత్తిచేను. అతనూ శిష్యుడే. దూరం నుంచి చేను నిండుగా, కాయ బరువుకు కొమ్మ వంగి, చూసినవాడి కన్ను కుట్టేలా ఉంది. దగ్గరికి పోతే మొండయ్య, అతని భార్య లచ్చవ్వ ఆ చెట్లను వేళ్లతో సహా పీకి కుప్ప వేస్తున్నారు. ఒక కుప్ప అప్పటికే కాలుతోంది. ఆ చేను తప్ప వాళ్లకు వేరే బతుకు లేదు.

గురువుగారు ఒక కాయ తెంపి ఓదెలు చేతిలో పెట్టి, "ఇప్పు" అన్నారు.

కాయ మీద చిన్న చిల్లు కూడా లేదు. ఓదెలు రాయితో కొట్టి విప్పాడు. లోపల దూది పసుపుపచ్చగా కుళ్లి ఉంది. గింజలో సగం దాకా దూరి, ఎర్రగా బలిసిన పురుగు తింటూనే ఉంది. వెలుగు పడినా తల ఎత్తలేదు.

"ఇది బీటీ పత్తి గదా? పురుగు కొరికితే సచ్చేటట్టు చెట్లనే ఇసం ఉంటదంటరు!" అన్నాడు ఓదెలు.

"ఆ చిన్న పొట్లం ముచ్చట చెప్పు మొండయ్యా" అన్నారు గురువుగారు.

మొండయ్య నడుము పట్టుకుని నిలబడ్డాడు. "గింజల సంచితోని ఇంకో చిన్న పొట్లం ఇచ్చేటోళ్లు. అండ్ల ఇసం లేని ఉత్త పత్తి గింజలు. చేను సుట్టూ కొన్ని సాళ్లు పెట్టుమన్నరు, పురుగును అండ్ల తిననియ్యుమన్నరు. నాకు మండింది. పురుగుకు నేనెందుకు బువ్వ పెట్టాలె? ఏటేటా పెంటకుప్ప మీద పారబోసిన."

"మొదట్ల పురుగులు ఒక్క కొరుకు కొరికి ముడుసుకొని సచ్చేటియి" అంది లచ్చవ్వ, చేతిలో పని ఆపకుండానే. "పక్క మొగ్గకు పాకినా అదీ ఇసమే. గెట్టు మీద కూసోని నవ్వుకుంట సూసెటోడు ఈయన."

"అన్నిట్ల ఏదో ఒక్కటి ఆ ఇసాన్ని అరిగిచ్చుకున్నది" అన్నాడు మొండయ్య. "ఉత్త పత్తి తిని పెరిగిన సాదా పురుగుతోని అది జతకడితే, పిల్లలు మళ్ల ఇసానికి సచ్చేటియే. ఆ సాదాదాన్ని నేను బతకనియ్యలే. అరిగిచ్చుకున్నదానికి అరిగిచ్చుకున్నదే జోడైంది. ఇప్పుడు ఇసమే దాని బువ్వ."

లచ్చవ్వ ఇంకో మోపు తెచ్చి మంటలో వేసింది. పచ్చి కాయలు చిటపటమన్నాయి.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. ఊరు దగ్గరపడ్డాక ఓదెలు అన్నాడు: "కంప కొట్టియ్యను గురువా. కనకయ్యకు బాట ఇడుస్త. బావి వాటా గుడ ఇస్త."

"ఇయ్యి. మంచిదే" అన్నారు గురువుగారు. నాలుగడుగులు వేసి అడిగారు: "మొన్న వాని పెద్దకొడుకు నీకు ఎదురొచ్చిండట. దారి దిగిండా?"

ఓదెలు ఆగిపోయాడు.

"లేదు గురువా. నా కండ్లల్లకు సూసుకుంట నవ్విండు."

గురువుగారు వెనక్కి తిరిగి, చేను మీద లేస్తున్న పొగను చూశారు.

"పత్తిచేనైతే పీకి, కాలవెట్టి, మళ్ల పెట్టుకోవచ్చు ఓదెలూ."