గోడవతలి ఒప్పులకుప్ప

పద్మనాభం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు. ఏదో ఒకటి చూడమంటారు, అంతే. కొండమీది వేధశాలలో ఆయన దగ్గర నక్షత్రాల చదువు చదువుకునే వాళ్లందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ ఉదయం నీలవేణి అడక్కుండా ఉండలేకపోయింది.

"కంటితో చూడనిది ఉందని నలుగురిలో ఎలా చెప్పను మాస్టారూ?"

ఆమె బాధ ఆమెది. వెలుగు బయల్దేరినా మనదాకా రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టేంత దూరంలో, అచ్చం మన సూర్యుడి లాంటి నక్షత్రం ఒకటుంది. అది ఉన్నచోట కుదురుగా ఉండకుండా కాస్త ఇటూ కాస్త అటూ ఊగుతోందని నీలవేణి కనిపెట్టింది. దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతూ లాగుతోందని ఆమె లెక్క. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ గ్రహం ఏ టెలిస్కోపుకీ చిక్కలేదు. మధ్యాహ్నం సభలో పెద్దలంతా కూర్చుని "నువ్వు చూశావా?" అంటే ఏం చెప్పాలి? నవ్వులపాలయ్యే కంటే నోరు మూసుకోవడం నయమనుకుని, ఇన్నేళ్లు కష్టపడి తేల్చిన మాటను వెనక్కి తీసుకుంటానని చెప్పడానికే వచ్చింది పాపం.

మాస్టారు కిటికీ తలుపులు బార్లా తెరిచారు. "ఆ పిల్లని చూడమ్మా."

ఎదురుగా క్వార్టర్ల ప్రహరీగోడ. గోడవతల ఒక పొడుగుపాటి పిల్ల భుజాల దాకా కనిపిస్తోంది. భుజాలు బాగా వెనక్కి వాల్చి గిరగిరా తిరుగుతోంది. జడలు గాల్లోకి లేచిపోతున్నాయి.

"అంత వెనక్కి వాలినా పడదేం?" అన్నారు మాస్టారు.

"ఒప్పులకుప్ప కదా మాస్టారూ! ఇంకో పిల్ల చేతులు పట్టుకుని ఉంటుంది."

"నువ్వు చూశావా?"

"చూడ్డమెందుకు? ఎవరూ పట్టుకోకపోతే ఈపాటికి వెల్లకిలా పడేది. అదీ బుడ్డదే, పందెం! తన ఈడుదైతే ఈ పిల్ల ఇంకా పెద్ద చుట్టు తిరిగేది. ఇదేమో దాదాపు ఉన్నచోటే..."

గలగలా చెప్పుకుపోతున్న నీలవేణి ఠక్కున ఆగిపోయింది. ఇన్నేళ్లుగా తను వేసిన లెక్క ఇదేగా! "నా పిచ్చి మొహం" అంటూ తన నెత్తిన తనే ఒక్కటి మొట్టుకుంది.

అంతలో గోడవతల చేతులు జారాయి. పొడుగు పిల్ల మాయమైంది. "అమ్మో" అని ఒక కేక, దాని వెంటే ఓ కీచుగొంతు కేక, ఆపైన పకపకా నవ్వులు.

"విన్నారా! ఉంది మాస్టారూ, ఉంది!" నీలవేణి కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది. "ఎవరేమన్నా సరే, నా మాట వెనక్కి తీసుకోను."

మాస్టారు నవ్వుతూ కిటికీ మూశారు.

"నీ పట్టు వదలకు. వదిలేస్తే ఇద్దరూ పడతారమ్మా" అన్నారు.