హంపమ్మ కర్రలు

హంపమ్మ లేవనంటోంది. శరభయ్యకు పొద్దున్నుంచీ అదే తలనొప్పి.

ఈరన్న తాత మఠంలో అమావాస్య వచ్చిందంటే శరభయ్య చుట్టూ జనమే జనం. మఠానికి గురువైనా తాత ఎప్పుడూ వంటశాలలో వచ్చినవాళ్ళ అన్నం సంగతి చూసుకుంటూ ఉంటాడు, మాట్లాడేదే తక్కువ. అందుకని మొగుడూ పెళ్ళాల తగాదాలు పెద్ద శిష్యుడు శరభయ్యే తీరుస్తాడు. ఎంత ముదిరిన తగాదా అయినా సరే, మొగుడి చేత పెద్దగురువు సమాధి గద్దె మీద చెయ్యి పెట్టించి, ఇద్దరి నుదుటా విభూతి రాసి, కలిపి భోజనానికి కూర్చోబెట్టి ఇంటికి పంపుతాడు. తన దగ్గరికొచ్చిన కాపురం ఒక్కటీ విడిపోలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటాడు. విడిపోని ఆ కాపురాల్లో ఏం జరుగుతోందో మాత్రం ఏనాడూ పోయి చూసిన పాపాన పోలేదు.

హంపమ్మకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చంకకర్రల మీద నడుస్తుంది. ఇల్లు గడిచేది ఆమె చుట్టే బీడీలతోనే. మొగుడు గిడ్డయ్య మఠానికి మంచి భక్తుడు. అమావాస్య అమావాస్యకూ వచ్చి కట్టెలు కొడతాడు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతాడు. ఇంటికి పోయి పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదుతాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి ఊరు చేసిందేమిటయ్యా అంటే, కాళ్ళు లేనిదాన్ని చేసుకున్నాడు, ఎంత మంచి మనసో అని వాడినే మెచ్చుకోవడం. ఆ మెచ్చుకోలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు హంపమ్మ ఒక్కతే ఆటోలో వచ్చింది. ఎడమ కన్ను తెరవలేనంతగా వాచిపోయి ఉంది. ఆటో దిగి మెట్ల దాకా కర్రల మీద నడిచింది. అక్కడ శరభయ్య ఆపాడు. మఠంలో చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. చంకకర్రలు కూడా బయటి మట్టి తొక్కేవే కాబట్టి అవీ చెప్పులతోనే ఉండాలన్నది శరభయ్య పెట్టిన కట్టడి. ఆమె కర్రల్ని చెప్పుల పక్కన ఆనించి, అరచేతులు రాతినేలకు ఆనించి జరుగుతూ జరుగుతూ మంటపం మధ్యకు వచ్చి కూర్చుంది. అది చూసి, భక్తంటే ఇదీ అని ఒకరిద్దరు చేతులు కూడా జోడించారు.

కాసేపటికి గిడ్డయ్య దిగాడు. శరభయ్య అడగడమే ఆలస్యం, గద్దె మీద చెయ్యి పెట్టి ఇక ముట్టుకోనని ఒట్టేశాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. శరభయ్య విభూతి తట్ట తెప్పించాడు. హంపమ్మ మాత్రం నుదురు పక్కకు తిప్పుకుంది. పోయిన అమావాస్యకూ ఇదే గద్దె మీద ఇదే ఒట్టు వేశాడనీ, ఈసారి ఆ ఇంటికి పంపిస్తే తను మిగలననీ చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

అందరి ముందూ తన తీర్పు చెల్లకపోయేసరికి శరభయ్యకు చిర్రెత్తుకొచ్చింది.

"వీడు కాకపోతే నిన్ను ఏలుకునేది ఇంకెవడమ్మా? కాళ్ళున్నవాళ్ళే ఓర్చుకుని బతుకుతున్నారు" అన్నాడు.

ఇక్కణ్ణుంచి లేవనంది ఆమె. గిడ్డయ్య పోయి మెట్ల దగ్గర కర్రల పక్కన నిలబడి, ఇంటికి పోదాం పదమ్మా అని తేనె పూసినట్టు పిలుస్తున్నాడు.

అప్పుడు తాత వంటశాలలోంచి వచ్చాడు. చేతులకు పిండి ఇంకా అంటుకునే ఉంది. వచ్చి హంపమ్మ ఎదురుగా కింద కూర్చుని ఆ వాచిన కంటి వంక చాలాసేపు చూశాడు.

"ఎట్లా కొడతాడమ్మా?" అని అడిగాడు.

నలుగురి ముందూ ఆడమనిషిని అడగాల్సిన మాటేనా ఇది అని శరభయ్య తల దించుకున్నాడు.

"మొదట కర్రలు గుంజుకుంటాడు తాతా. తీసుకుపోయి అటక మీద పెడతాడు. ఇంక నేను యాడికీ పోలేను కదా. ఆ తర్వాత కొడతాడు."

తాత లేచి, జనంలోంచి నడుచుకుంటూ మెట్ల దగ్గరికి పోయి, చెప్పుల కుప్ప పక్కనున్న కర్రల మీద చెయ్యి వేశాడు. నీకెందుకు శ్రమ, నేను తెస్తాను తాతా అంటూ గిడ్డయ్య వినయంగా రెండోవైపు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి."

తాత గొంతు అట్లా పలకడం ఆ మఠంలో ఎవరూ విని ఎరగరు. గిడ్డయ్య చేతులు వాటంతటవే జారిపోయాయి.

తాత కర్రలు తీసుకుని మంటపంలోకి వస్తుంటే శరభయ్య ఎదురుపోయి, అవి చెప్పుల దగ్గరివనీ, లోపలికి తెస్తే కట్టడి పోతుందనీ నసిగాడు. తాత అతణ్ణి తప్పించుకుని ముందుకు పోయాడు. హంపమ్మ ముందు వంగి రెండు కర్రలూ అందించి, పట్టుకోవడానికి తన భుజం ఒగ్గాడు. ఆమె లేచి నిలబడింది. కర్రల అడుగున ఉన్న రబ్బరుకు ఎర్రమట్టి అంటి ఉంది. ఆ మట్టి మరకలు రాతినేల మీద పడ్డాయి.

"యాడికి పోవాలమ్మా?" అన్నాడు తాత. పొద్దున్నుంచీ ఆ మాట ఆమెను అడిగినవాడు లేడు.

"స్టేషన్‌కు తాతా. కేసు పెట్టి, మా అక్క దగ్గరికి పోతా."

మెట్ల దగ్గర గిడ్డయ్య ముఖం మాడిపోయింది. హంపమ్మ వాడి పక్కనుంచే మెట్టు తర్వాత మెట్టు దిగి ఆటో వైపు నడిచింది. తాత శరభయ్య వైపు తిరిగి, ఆమెకు తోడు పొమ్మన్నాడు.

శరభయ్య, పోలీసు గొడవలు మఠానికి మంచివి కావన్నాడు. ఇంట్లో జరిగింది తను చూడలేదన్నాడు. అక్కడికి పోయి తను చెప్పేదేముంటుందన్నాడు.

"ఆమె కర్రలు ఎవరెవరు గుంజుకున్నారని అడుగుతారు" అన్నాడు తాత. "వాడి పేరు చెప్పినాక నీ పేరూ చెప్పు."