డొంకలో కూసం

రుద్రప్ప స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, చెప్పులు తొడుక్కోమనేవాడు. ప్రశ్న చిన్నదైతే ఆశ్రమం చుట్టూ ఒక తిరుగుడు, పెద్దదైతే కొండ దిగి గండి దాకా నడక. కాళ్ళు పీకడం మొదలయ్యాక చాలామంది తాము అడిగిందేమిటో మరిచిపోయేవారు. అలా మరిచిపోగలిగిన ప్రశ్నకు జవాబు అక్కర్లేదని స్వామి నమ్మకం.

చెన్నకేశవ మరిచిపోయే రకం కాదు. మర్నాడు అతనికి సన్యాస దీక్ష. ఆ ముందు రోజు తెల్లవారగానే స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, ఇల్లు వదిలాను. ఆస్తి వదిలాను. పెళ్ళి మాట వదిలాను. నాలో వదలాల్సింది ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి, అదీ వదిలేస్తాను."

మాటలో అణకువ ఉంది. దాని అడుగున కాస్త గర్వమూ ఉంది. ఉండదా మరి? ఏటి ఒడ్డున, ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటిలోకీ పెద్ద ద్రాక్షతోట వాళ్ళది. ఆ కాయంతా వైన్ ఫ్యాక్టరీకి పోతుంది. జనాన్ని తాగించి తెచ్చిన సొమ్ముతో ముద్ద మింగలేనని, తండ్రి పోయిన ఏడాదే చెన్నకేశవ తన వాటా అన్నకు రాసిచ్చి కట్టుబట్టలతో కొండెక్కాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలంటారు. ఆ మాటను అతను పట్టుకున్నంత గట్టిగా మరెవరూ పట్టుకుని ఉండరు. నిజం చెప్పాలంటే మంచివాడే. మంచివాళ్ళకు తమ మంచితనం ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది, అదే వాళ్ళతో చిక్కు.

స్వామి చెప్పులు తొడుక్కున్నాడు.

కొండ దిగిన దారి గండిలోంచి పోతుంది. రెండు వైపులా ఎర్రటి బండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. ఆకాశం తల మీద గుడ్డపీలికంత కనిపిస్తుంది. అడుగున ఎండిపోయిన ఏరు, గుండ్రాళ్ళు, అక్కడక్కడా సమాధుల దిబ్బలు. ఏటికి అవతలున్న కూలీల పేట వాళ్ళు తమవాళ్ళను ఇక్కడికే తెచ్చి పూడుస్తారు. గండి దాటాక డొంక మొదలవుతుంది. ఎన్ని తరాల బండ్లు తిరిగాయో, ఎన్ని వానలు మట్టిని కోసుకుపోయాయో, ఆ బాట మనిషెత్తు లోతుకు దిగిపోయింది. గట్ల మీద అటూ ఇటూ చెన్నకేశవ వాళ్ళ తోటే. పందిరిని డొంక మీదుగా కూడా పరిచేయడంతో రెండు తోటలూ పైన ఒకటైపోయాయి. నడిచేవాడికి నెత్తిన పచ్చటి కప్పు, దాన్నుంచి వేలాడే నల్లటి గుత్తులు. కోతకు వచ్చిన కాయ వాసన డొంకంతా నిండి ఉంది.

చెన్నకేశవకు తెలియకుండానే గొంతు మెత్తబడింది. "చిన్నప్పుడు బడి సెలవులన్నీ ఈ నీడలోనే గడిచాయి సామీ," అన్నాడు.

స్వామి ఊఁ కొట్టాడు.

డొంక బాగా ఇరుకైన చోట, బాట నట్టనడుమ, పందిరిని మోసే నిలువు స్తంభం, ఒక రాతి కూసం, పాతి ఉంది. రెండు తోటల పందిరి తీగలూ వచ్చి దాని తలకే ముడిపడ్డాయి. కూసానికీ గట్టుకూ మధ్య మిగిలింది మనిషి ఒత్తిగిలి దూరేంత సందు. వాళ్ళిద్దరూ అక్కడికి చేరుకునేసరికి అవతలి నుంచి డప్పు వినిపించింది. కూలీల పేట నుంచి ఒక పాడె వస్తోంది.

కూసం ముందుకు రాగానే డప్పు ఆగింది. మోస్తున్నవాళ్ళు పాడెను దించారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకడు తాళ్ళు లాగి చూశాడు. ఇంకొకడు శవం నడుము కింద గుడ్డ దోపాడు. పాదాల నుంచి గొంతు దాకా దగ్గర దగ్గరగా చుట్లు చుట్టి ముందే కట్టేసి తెచ్చారు. వెంట వచ్చిన ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఇదంతా ఏదో పాత తంతులా, అందరికీ అలవాటైన క్రమంలో జరిగిపోతోంది.

చెన్నకేశవకు ఆచారాలంటే గౌరవం. పాడె పక్కన నిలబడ్డ ముసలాయనను మెల్లగా అడిగాడు. "తాతా, ఇక్కడ పాడెను పక్క మీదికి ఒరిగించి దాటిస్తారా? మీలో ఇది ఆచారమా?"

ఆయన పేరు కుళ్ళాయప్ప. పాడె మీదున్నది ఆయన భార్య ఎర్రక్క. ఆయన తెల్లబట్టల మనిషిని ఎగాదిగా చూసి, గుర్తుపట్టాడు.

"ఆచారమే సామీ," అన్నాడు. "మీ నాయన ఈ కూసం నాటినప్పట్నించీ."

చెన్నకేశవకు తల తీసేసినట్టయింది. ఇన్ని సెలవులు ఇక్కడ ఆడుకున్నవాడు ఒక్క పాడెనూ చూడలేదు. డప్పు వినబడితే పిల్లల్ని ఇంట్లోకి పిలిచేసేవారు. తోటలోకి శవాన్ని రానివ్వరు, పైన పందిరి ఎత్తనివ్వదు, ఈ సందు తప్ప పేటకు దారి లేదు.

కుళ్ళాయప్ప రెండడుగులు దగ్గరికి వచ్చాడు. "చిన్నరెడ్డీ, మా యమ్మనూ నాయననూ ఇట్లనే తిప్పి తీసుకపోయినా. రాయికి మొగం ఆనించి. నా పెండ్లాము అది చూసింది. నిన్న పానం పోయే ముందర నా చెయ్యి పట్టుకోని, నన్ను మాత్రం ఆకాశం చూసుకుంటా పోనీ అనింది. ఇంకేమీ అడగల్యా. ఈ తోటలోనే గుత్తులు కోసి కోసి ముసలిదయింది, ఎప్పుడూ ఏమీ అడగల్యా." గుంత తవ్వడానికి తెచ్చిన గడ్డపార వైపు చూపించాడు. "మా పిల్లోల్లు భుజాలిచ్చి తీగలు పట్టుకుంటారు. కూసం పెరికి, ఆయమ్మను దాటించి, మళ్ళా నాటేస్తాం. మాకై మేము ముట్టుకుంటే రేపట్నించి మాకు పనుండదు. నువ్వు ఊఁ అంటే సాలు. చిన్నరెడ్డి పెరకమన్యాడంటే మమ్మల్ని అడిగేవాడు ల్యాడు."

అందరూ చెన్నకేశవ నోటివైపు చూశారు. ఒక్క మాట. అది అతని నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు మర్నాటి దీక్ష గుర్తొచ్చింది. ఊఁ అంటే తోట మీద మళ్ళీ పెత్తనం చేసినట్టే. ఏడాది పాటు ఒక్కొక్కటే తెంపుకున్నది ఒక్క మాటతో ముడిపడిపోతుంది. కోత ముందు పందిరి జారితే అన్న ఏమంటాడో అనీ అనిపించింది గానీ, ఆ మాటను తనలో తాను ఒప్పుకోలేదు. స్వామి వైపు చూశాడు. స్వామి ఎర్రక్క ముఖం చూస్తున్నాడు.

"నేనన్నీ వదిలేశాను తాతా," అన్నాడు చివరికి. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "తోట మా అన్నది. దాని మీద నా మాట చెల్లదు."

కుళ్ళాయప్ప గడ్డపార మీంచి చూపు తీసేశాడు. కోపగించుకోలేదు, బతిమాలలేదు. కోపగించుకున్నా బాగుండేది. తల పైకీ కిందికీ ఆడించి, పాడె వైపు తిరిగాడు.

"తిప్పండప్పా," అన్నాడు.

తిప్పారు. తల వైపు ఇద్దరు పట్టారు. కాళ్ళ వైపు ఒక కుర్రాడికి పట్టు దొరక్కపోతే, స్వామి పోయి చెయ్యి వేశాడు. "మీరొద్దు సామీ, మైల," అని ఎవరో అన్నారు, ఆయన వినిపించుకోలేదు. పక్కకు తిరిగిన పాడె సందులోకి దూరింది. కుళ్ళాయప్ప పాడె ముందుండి, దానివైపే తిరిగి, వెనక్కి నడిచాడు. తన అరచేతిని రాయికీ భార్య చెంపకూ మధ్య పెట్టి, ఆమె ముఖం గీసుకుపోకుండా, అంగుళం అంగుళం వెనక్కి జరిగాడు. వేళ్ళ కణుపులు రాయికి రాసుకుని తోలు లేచిపోయాయి. ఆయన చెయ్యి తియ్యలేదు. పైనుంచి ఒక గుత్తి పాడె కొసకు తగిలి చిట్లింది, రసం తెల్ల గుడ్డ మీద కారింది. ఒకావిడ కొంగుతో తుడవబోయి ఊరుకుంది.

అవతలికి దాటాక పాడెను మళ్ళీ సరిచేశారు. ఎర్రక్క ముఖం పైకి తిరిగింది. అక్కడ కూడా పందిరే ఉంది. గండి వచ్చేదాకా ఆకాశం లేదు.

డప్పు మళ్ళీ మొదలైంది. జనం సాగిపోయారు. చెన్నకేశవ ఉన్నచోటే ఉండిపోయాడు. ఏడవాలని ఉంది, ఏడుపు రాలేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. స్వామి కూడా పాడె వెంట కదలబోతుంటే ఆపుకోలేక అడిగాడు.

"సామీ, నాది తప్పా? వదులుకున్నదాని మీద మళ్ళీ హక్కు చూపించడం ధర్మమా? మీరైనా చెప్పండి."

స్వామి ఆగాడు, కానీ వెనక్కి తిరగలేదు.

"తోటను మీ అన్నకిచ్చి వచ్చావు, సరే," అన్నాడు. "ఈ కూసాన్ని ఎవరికిచ్చి వచ్చావు నాయనా?"