మడవని ఆకు

“వండినవారికి ఆకు వేశాకే వచ్చినవారికి ఆకు వేస్తాం. ఈ మాట తప్పిన రోజున ఈ తలుపులు మూసేస్తాం.”

విశాఖపట్నంలో రేవుకు పోయే దారిలో ఉన్న తొలిముద్ద భోజనశాల గోడమీద ఈ రెండు వాక్యాలూ ఎర్రటి అక్షరాల్లో ఉన్నాయి. ఒకప్పుడు పనివాళ్ళే కలిసి పెట్టుకున్న హోటలది. తర్వాత చేతులు మారింది. మాట ఎప్పుడు తప్పారో ఎవరికీ గుర్తులేదు. తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి.

అక్కడికి వెళ్ళిన రోజు పొద్దున్నే మురహరి తన గురువుగారిని ఒక ప్రశ్న అడిగాడు. “మాస్టారూ, అన్యాయం కళ్ళముందు జరుగుతుంటే నోరు మెదపనివాడు కూడా అందులో భాగస్వామే కదా?”

వీరభద్రం మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. జవాబు మాత్రం అప్పుడే రాదు. ఒక్కోసారి నెల పడుతుంది. వచ్చాక, రాకపోతేనే బాగుండేదనిపిస్తుంది. ఆ పొద్దున కూడా కళ్ళజోడు తుడుచుకుని, “ముందు ఏదైనా తిందాం పద” అన్నారు.

ఇద్దరిదీ మార్కాపురం. పుస్తకాల ప్రదర్శన చూద్దామని రెండు రోజుల కోసం వచ్చారు. మురహరికి ఇరవై మూడేళ్ళు. మాస్టారి బీరువాలోని పుస్తకాలన్నీ చదివేశాడు. చదివిన వాక్యాల్లో సగం నాలుకమీదే ఉంటాయి. సముద్రం ఉన్న ఊరు చూడడం అదే మొదలు. వచ్చిన సాయంత్రమే చేపల రేవు పక్కన పాక హోటల్లో వంజరం పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుని, వల విసిరేవాడిదే సముద్రమని పక్క బల్లవాళ్ళకు చెప్పాడు. మర్నాడు ఇడ్లీబండి దగ్గర, “ఆకలికి కులం లేదమ్మా!” అన్నాడు. ఆవిడ “సట్నీ ఇంకొంచెం ఎయ్యమంటారా?” అంది. ఈ ఊరి తిండి చచ్చేదాకా మరిచిపోనని అతను మాస్టారితో అన్నాడు. ఆ మాట నిజమైంది గాని, అతను అనుకున్న రకంగా కాదు.

తొలిముద్దలో అడుగుపెట్టేసరికి రెండు దాటింది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన ఆనపకాయ పులుసు. మురహరి తలెత్తకుండా తిన్నాడు. మజ్జిగకు ముందు తలెత్తితే ఎదురుగా గోడమీద బోర్డు కనిపించింది. చదివి పొంగిపోయాడు. వడ్డిస్తున్న వరహాలమ్మను పిలిచి, “అయితే మీరంతా మాకంటే ముందే తినేశారన్నమాట!” అన్నాడు.

ఆవిడ నవ్వింది. “మేమా? మీరందరూ లెగిసినాక తింటాం బాబూ. పొద్దున్న తాగిన టీయే.”

“మరి ఆ బోర్డు?”

“అది పాతది.”

మురహరి చేతిలోని ముద్ద ఆకులోకి జారిపోయింది. మేనేజరును కేకేశాడు. కామేశం అనే ఆ మనిషి తువాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. “ఎప్పుడో రాయించిందండీ అది. పెయింటు బాగుందని ఉంచాం. వచ్చినవాళ్ళు ఫొటోలు కూడా తీసుకుంటారు.”

అబద్ధం చెప్పడం ఒకటి. దాన్ని రోజూ తుడిచి మెరిపించడం ఇంకొకటి. మురహరికి ఒళ్ళంతా మంట ఎత్తింది. లేచి నిలబడి మొదలుపెట్టాడు. శ్రమకే తొలి ముద్ద అన్నాడు. అన్నం హక్కు, భిక్ష కాదు అన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పు మాట ఒక్కటి లేదు.

అప్పటికి హాల్లో మిగిలింది వాళ్ళిద్దరే. వరహాలమ్మ మజ్జిగ పోసి, కొంగుముడి విప్పి చిన్న మాత్ర తీసి మింగింది. “సుగరు మాత్ర. అన్నానికి ముందు ఏసుకోమన్నాడు డాట్రు. ఇంక మీదే గదా ఆకరి ఆకు” అని మాస్టారితో చెప్పి లోపలికి వెళ్ళింది. ఆ మాట మురహరికి రెండడుగుల దూరంలోనే అంది.

మాస్టారు తన ఆకు మడిచారు. “మురహరీ, ఆకు మడువు” అన్నారు.

“మడవను మాస్టారూ. మడిస్తే కడుపునిండా తిన్నానని ఒప్పుకున్నట్టే. ఇది నా నిరసన.”

కామేశం నవ్వాడు. “మీ ఇష్టం సార్. ఆకు ముందున్న మనిషిని లేవమనే ఆచారం మాకు లేదు. మీరు మళ్ళీ ఏదైనా అడగొచ్చు గనక గిన్నెలు కూడా ఇక్కడే ఉంటాయి.”

దాన్ని మురహరి తన గెలుపనుకున్నాడు. ఎంగిలి చెయ్యి రుమాలుతో తుడుచుకుని, సలహాల పుస్తకం తెప్పించుకుని రాయడం మొదలుపెట్టాడు. మాస్టారు మరోసారి “ఆకు, మురహరీ” అన్నారు. అతను ఎడమచెయ్యెత్తి ఆగమన్నాడు. మాస్టారు ఆగిపోయారు. నాలుగు పేజీలు నిండాయి. ఐదో పేజీలో చివరి వాక్యం రాశాడు: “ఇచ్చిన మాట ఎందుకు తప్పారో ఆగస్టు ముప్పై ఒకటో తేదీలోగా లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి.” దాని కింద ‘జవాబు చెప్పవలసినవారు: యాజమాన్యం’ అని రాశాడు. అప్పటికి గడియారంలో నాలుగుకు పావు తక్కువ.

లోపల బక్కెట్టు పడ్డ చప్పుడైంది.

మురహరి గుమ్మం దగ్గరికి పరుగెత్తి అక్కడే నిలిచిపోయాడు. వంటింటి గచ్చుమీద తొమ్మిదిమంది వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు తొమ్మిది ఖాళీ ఆకులు. చల్లిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. వరహాలమ్మ పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్ళంతా చెమట, వేళ్ళు వణుకుతున్నాయి. ఒకావిడ ఆమె నోట్లో పంచదార నీళ్ళు పోస్తోంది. మిగిలినవాళ్ళు మురహరివైపు చూడడం లేదు. అతని భుజంమీదుగా, హాల్లో విప్పి ఉన్న అతని ఆకువైపు చూస్తున్నారు.

“తినెయ్యచ్చు కదా! ఎందుకు తినలేదు?” అన్నాడు మురహరి.

“గిన్నెలు మీ దగ్గరున్నాయి గదా బాబూ” అన్నాడు వంటాయన. “మీ ఆకు మడిస్తే గాని అవి లోనికి రానివ్వరు.”

మురహరి వెనక్కి వెళ్ళి ఆకు మడిచాడు. తొందరలో అది రెండుసార్లు విచ్చుకుంది. మూడోసారి మడవగానే కామేశం తల ఊపాడు. నిమిషం తిరక్కుండా గిన్నెలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి.

నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాక వరహాలమ్మ కాస్త తేరుకుంది. గుమ్మంలో కొయ్యలా నిలబడ్డ మురహరిని చూసి, మనసారానే అంది. “మా గురించే అడుగుతున్నారంట గదా బాబూ. కొంత ఇన్నాను. బాగా సెప్పేరు. ఆ తరవాత సెవులకి ఇనపడనేదు.”

బయటికి వచ్చేముందు మురహరి ఆ పేజీలు చింపబోయాడు. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. “చింపకు. ఆ గోడమీద మాట తప్పడం తప్పే. ఆ ప్రశ్న ఉండాలి.”

“ఆవిడ మాత్ర వేసుకోవడం మీరు చూశారు కదా మాస్టారూ?” మురహరి గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. “నా చొక్కా పట్టుకుని లాగొచ్చు కదా! ఎందుకు ఊరుకున్నారు?”

మాస్టారు కళ్ళజోడు తీశారు గాని తుడవలేదు. పెన్ను అడిగి తీసుకుని, ఐదో పేజీ అడుగున కాసేపు వంగి ఏదో రాసి, పుస్తకం అతని చేతికిచ్చారు. జవాబు చెప్పవలసినవారు అని ఉన్నచోట, యాజమాన్యం అన్న మాట కింద, రెండు పేర్లు చేరి ఉన్నాయి. మొదటిది వీరభద్రం. రెండోది మురహరి.

“పొద్దున అడిగావు కదా” అన్నారాయన. “మనకూ తేదీ అదే. ఆగస్టు ముప్పై ఒకటి.”